స్కజీ డిస్కు ఒకసారి కనబడుతోంది, ఒకసారి మాయమవుతోంది. కేబుల్ చివర టెర్మినేటర్ అంత ముఖ్యమా?

ప్రెస్‌వాళ్లబ్బాయి
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. నాన్నగారు 1990ల చివర్లో డీటీపీ సెంటర్ పెట్టి చాలా ఏళ్లు నడిపారు. ఆయన పోయి ఏడాదయింది. మొన్న అటక మీంచి ఆయన పాత పీసీ దించాను. లోపల ఒక స్కజీ (ఒకే కేబుల్ మీద చాలా డిస్కులు తగిలించే పాత పద్ధతి) హార్డ్ డిస్కు ఉంది, విడిగా ఒక బాక్సులో ఇంకోటి ఉంది. ఆయన కూర్చిన శుభలేఖలు, బడి మ్యాగజైన్లు, ఊళ్లో కవులు వేయించుకున్న చిన్న పుస్తకాలు, అన్నీ వాటిలోనే. ఫాంట్లు కూడా యూనికోడ్ వాడుకలోకి రాకముందువి. అవి పోతే పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకున్నా అక్షరాలు చదవలేం.

పీసీఐ స్కజీ కార్డు బాగానే ఉంది. లోపల 50 పిన్నుల రిబ్బన్ కేబుల్, కార్డు వైపుది కాక ఇంకో రెండు కనెక్టర్లు. మధ్య కనెక్టర్ డిస్కుకి సరిగ్గా అందింది కాబట్టి దానికే తగిలించాను, చివరిది ఊరికే వేలాడుతోంది. బయటి బాక్సుని కార్డు వెనక పోర్టుకి కలిపాను. బాక్సుకి వెనక రెండు పోర్టులుంటే రెండోది ఖాళీ.

ఆన్ చేస్తే రెండు డిస్కుల పేర్లూ వస్తున్నాయి. చిన్న ఫైళ్లు కాపీ అవుతున్నాయి. 20 ఎంబీ ఫైలు అయితే సగంలో ఆగి ఎర్రర్. కొన్నిసార్లు బాక్సు అసలు కనబడదు. కేబుల్ కాస్త కదిపి పెడితే మళ్లీ వస్తుంది. ఇక్కడ రిపేర్ షాపులో చూపిస్తే డిస్కు పోతోంది, డేటా రికవరీకి పంపమన్నారు, చెప్పిన ఖర్చు మా వల్ల కాదు. ఒకాయన మాత్రం టెర్మినేటర్ ఉందా అని అడిగారు. అదేంటో నాకు తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

రాగితీగ
శనివారం, రాత్రి 9:40

బాబూ, ముందు ఈ మాట వినండి. ఆ డిస్కుల మీద ఒక్క అక్షరం కూడా రాయకండి. స్కాన్‌డిస్క్ లాంటివి అసలు నడపొద్దు. కేబుల్ తప్పు వల్ల తప్పుగా చదివిన సమాచారాన్ని ఆ ప్రోగ్రాం డిస్కు తప్పనుకుని "సరిదిద్దేస్తుంది". అప్పుడు నిజంగానే పోతుంది.

నాకు డిస్కు మీద కన్నా కేబుల్ మీదే అనుమానం. మూడు సంగతులు చూసి చెప్పండి. లోపలి డిస్కు మీద టీఈ (టెర్మినేషన్ ఎనేబుల్) అని రాసిన జంపర్, అంటే రెండు పిన్నుల్ని కలిపే చిన్న టోపీ ఉందా, పెట్టి ఉందా తీసి ఉందా? కార్డు సెటప్‌లో టెర్మినేషన్ దగ్గర ఏముంది? బాక్సు ఖాళీ పోర్టుకి పెట్టే బిరడా లాంటి ప్లగ్గు ఆ సామానులో ఎక్కడైనా ఉందా?

పెన్‌డ్రైవ్
శనివారం, రాత్రి 10:05

నేను 2001 నుంచి 2006 దాకా స్కజీ స్కానర్ వాడాను. దానికి టెర్మినేటర్ పెట్టిందే లేదు. ఒక్క రోజు కూడా ఇబ్బంది పడలేదు. కాబట్టి డిస్కే పోయిందని నా అభిప్రాయం. టెర్మినేటర్ అనేది రూల్ బుక్కులో మాట.

రాగితీగ
శనివారం, రాత్రి 10:38

పెన్‌డ్రైవ్ గారూ, మీ స్కానర్ పనిచేసిందన్న మాట నేను నమ్ముతాను. ఎందుకు పనిచేసిందో తెలిస్తే ఈ అబ్బాయిది ఎందుకు పనిచేయడం లేదో కూడా తెలుస్తుంది.

బట్టలారేసే దండెం ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస చేత్తో పట్టుకుని ఒక్కసారి విదిలించి చూడండి. ఒక అల మేకు దాకా పరిగెత్తి, తలకిందులై వెనక్కి వస్తుంది. కొస కట్టకుండా వదిలేసినా వస్తుంది, కాకపోతే తలకిందులు కాకుండా వస్తుంది. అదే మేకు చోట ఒక మనిషి నిలబడి, అల వచ్చినప్పుడు దానికి తగ్గ బిగువుతో చెయ్యి ఆడిస్తే అల అక్కడే ఇంకిపోతుంది. కేబుల్ చివర టెర్మినేటర్ (అక్కడ పెట్టే రెసిస్టర్లు) చేసే పని ఆ మనిషిదే.

తీగలో సిగ్నల్ కూడా అలే. మీటరు దూరానికి సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. మీ స్కానర్ కేబుల్ అర మీటరే అనుకుందాం. పోయి రావడానికి 5 నానోసెకన్లు. సిగ్నల్ కింద నుంచి పైకి లేవడానికే దాదాపు అంత టైం పడుతుంది. తిరిగొచ్చిన అల ఆ లేచే అంచులోనే కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు. పైగా కార్డు కొస దగ్గర టెర్మినేటర్ మీకు తెలియకుండానే పనిచేస్తూ ఉండి ఉంటుంది. స్కానర్ వేగం కూడా తక్కువ.

అదే 3 మీటర్ల కేబుల్ అయితే అల పోయి రావడానికి 30 నానోసెకన్లు. అప్పటికి సిగ్నల్ పూర్తిగా లేచి నిలబడి ఉంటుంది. దాని నెత్తిన ఈ తిరుగు అల పడి, ఒకే మెట్టు ఉండాల్సిన చోట రెండు మూడు మెట్లు కనిపిస్తాయి.

కోయాక్స్‌కాలం
ఆదివారం, ఉదయం 6:50

ఈ మాటలు వింటే నాకు హనుమకొండలో ల్యాబ్ చూసుకున్న రోజులు గుర్తొస్తున్నాయి. అప్పుడు ఇప్పటి ట్విస్టెడ్ పెయిర్ నెట్‌వర్క్ కేబుల్ కాదు, టీవీ కేబుల్ లాంటి సన్న కోయాక్స్ ఈథర్నెట్, పేరు 10బేస్2. ఆర్జీ-58 కేబుల్ ఒక్కటే గది చుట్టూ తిరిగేది. ప్రతి పీసీ వెనక టీ ఆకారం కనెక్టర్. ఒక సెగ్మెంట్ 185 మీటర్లు దాటకూడదు, 30 మెషీన్లకు మించకూడదు, రెండు టీల మధ్య కనీసం అర మీటరు. రెండు కొసలకీ 50 ఓమ్స్ టెర్మినేటర్లు.

ఒక కుర్రాడు తన పీసీ జరుపుకోవడానికి కొస టెర్మినేటర్ తిప్పి తీసి బల్ల మీద పెట్టాడు. అంతే, ల్యాబ్ మొత్తం ఆగిపోయింది. ఆ పీసీ ఒక్కటే కాదు, మొత్తం. నేను ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా లేకుండా ఒక్కో కేబుల్ ముక్క తీసి చూశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

తర్వాత ఒక సీనియర్ నేర్పిన పద్ధతి ఇది. అన్నీ ఆఫ్ చేసి, ఏదో ఒక టీ దగ్గర మధ్య పిన్నుకీ, పైన చుట్టి ఉండే జల్లెడ లాంటి తీగల పొరకీ మల్టీమీటర్ పెట్టాలి. 25 ఓమ్స్ చూపిస్తే రెండు టెర్మినేటర్లూ ఉన్నట్టు, రెండు 50లు ప్యారలల్‌గా ఉన్నాయి కదా. 50 చూపిస్తే ఒక కొస ఊడింది. ఏమీ చూపించకపోతే రెండూ లేవు. పది సెకన్ల పని.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ల్యాబ్ మొత్తం పడిపోవడానికి కారణం తిరుగు అల ఒక్కటే కాదు. 10బేస్2లో నెట్‌వర్క్ కార్డు తీగలోకి కరెంటు తోస్తుంది, రెండు టెర్మినేటర్లు కలిసి 25 ఓమ్స్ కాబట్టి ఒక లెక్క ప్రకారం వోల్టేజ్ వస్తుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వోల్టేజ్ రెట్టింపవుతుంది, దాన్ని చూసే కార్డు "కొలిజన్" అనుకుంటుంది. ఒక టెర్మినేటర్ ఊడితే 25 కాస్తా 50 అవుతుంది. ఒక్కరే మాట్లాడుతున్నా వోల్టేజ్ రెట్టింపు. ప్రతి కార్డూ ఎవరో అడ్డొచ్చారనుకుని ఆగిపోతుంది.

బీటెక్‌సెకండియర్
ఆదివారం, ఉదయం 8:15

సార్, ఒక డౌట్. ఆ ఆర్జీ-58 కేబుల్‌ని 50 ఓమ్స్ కేబుల్ అంటారు కదా. మల్టీమీటర్ పెడితే ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 0 చూపిస్తుంది. మధ్య తీగకీ జల్లెడకీ మధ్య పెడితే ఏమీ చూపించదు. మరి ఆ 50 ఎక్కడ ఉంది? క్లాసులో అడిగితే ఫార్ములా రాసుకోమన్నారు.

చిప్‌లేఅవుట్
ఆదివారం, ఉదయం 9:02

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతట అదే వస్తుంది.

నువ్వు ఒక కొసలో 5 వోల్టులు పెట్టావు అనుకో. ఆ క్షణంలో నీ బ్యాటరీకి అవతలి కొసలో ఏముందో తెలియదు, తెలిసే దారే లేదు. అల ఇంకా అక్కడికి చేరలేదు. దానికి తెలిసింది ముందున్న సెంటీమీటరు తీగ మాత్రమే. ఆ సెంటీమీటరు ఒక చిన్న కెపాసిటర్, దాన్ని నింపాలి. అదే సెంటీమీటరు ఒక చిన్న ఇండక్టర్ కూడా, అది కరెంటుని ఒక్కసారిగా పోనివ్వదు. ఒకటి నిండాక తర్వాతది, దాని తర్వాత ఇంకోటి. అలా అల ముందుకు పోతున్నంతసేపూ బ్యాటరీ నుంచి ఒకే మోతాదులో కరెంటు పోతూ ఉంటుంది. ఆ వోల్టేజ్‌ని ఆ కరెంటుతో భాగిస్తే వచ్చేదే 50 ఓమ్స్.

ఆర్జీ-58లో మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు, 250 నానోహెన్రీలు. రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే 2500. వర్గమూలం 50. కేబుల్ పొడవు ఈ లెక్కలో ఎక్కడా లేదు చూడు.

ఇప్పుడు అంతులేని కేబుల్ ఊహించుకో. అల ఎప్పటికీ పోతూనే ఉంటుంది, వెనక్కి ఏదీ రాదు. బ్యాటరీకి అది ఎప్పటికీ 50 ఓమ్స్ రెసిస్టర్‌లాగే కనిపిస్తుంది. అదే 10 మీటర్ల దగ్గర కేబుల్ కోసి అక్కడ 50 ఓమ్స్ రెసిస్టర్ పెడితే, అలకి తేడా తెలియదు. ఇంకా కేబుల్ ఉందనే అనుకుంటుంది. టెర్మినేషన్ అంటే ముగింపు అని కదా అర్థం. కానీ అది చేసేది కేబుల్‌కి ముగింపే లేదని అలని నమ్మించడం.

అక్కడ ఏమీ పెట్టకపోతే అల పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. వేరే విలువ పెడితే కొంత తిరుగుతుంది. చివర ఉన్న ఓమ్స్‌లోంచి కేబుల్ ఓమ్స్ తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగిస్తే ఎంత తిరుగుతుందో వస్తుంది. క్లాసులో రాసుకోమన్న ఫార్ములా ఇదే అయ్యుంటుంది.

బీటెక్‌సెకండియర్
ఆదివారం, ఉదయం 9:20

అక్కా, ఇంత సింపుల్‌గా ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్.

ప్రెస్‌వాళ్లబ్బాయి
ఆదివారం, ఉదయం 10:30

రాగితీగ గారూ, చూశాను. లోపలి డిస్కుకి టీఈ జంపర్ పెట్టే ఉంది. కార్డు సెటప్‌లో టెర్మినేషన్ ఎనేబుల్డ్ అని ఉంది. బాక్సుకి ప్లగ్గు ఏదీ దొరకలేదు. అంటే రెండు టెర్మినేటర్లు ఉన్నట్టే కదా? రెండే కదా కావాలి?

రాగితీగ
ఆదివారం, ఉదయం 11:10

రెండున్నాయి బాబూ, కానీ రెండూ ఉండకూడని చోట ఉన్నాయి. మీ కేబుల్‌ని ఒకే గీతగా గీయండి. ఒక కొస: రిబ్బన్ చివర వేలాడుతున్న ఖాళీ కనెక్టర్. తర్వాత డిస్కు. తర్వాత కార్డు. ఆ తర్వాత బయటి కేబుల్, దాని కొసలో బాక్సు. టెర్మినేటర్లు ఉండాల్సింది ఈ గీత రెండు కొసల్లో. మీకు ఉన్నవి మధ్యలో, డిస్కు దగ్గరా కార్డు దగ్గరా. అసలు కొసలు రెండూ బోడిగా ఉన్నాయి.

పేర్లు కనబడతాయి, పెద్ద ఫైళ్లు మాత్రం రావు అన్నారు కదా. దానికీ కారణం ఉంది. స్కజీలో "నువ్వెవరు" లాంటి కమాండ్లు నెమ్మదిగా పోతాయి, ప్రతి బైటుకీ అటూ ఇటూ ఒప్పుకున్నాకే తర్వాతది. డేటా మాత్రం సింక్రోనస్ పద్ధతిలో వేగంగా పరిగెడుతుంది. కాబట్టి పేరు అడిగితే చెబుతుంది, పని చెబితే తడబడుతుంది.

డేటా తీగల మీద అల వణికినా కాసేపటికి సర్దుకుంటుంది, చదివేది ఆ తర్వాతే. అసలు ప్రమాదం బైట్లని లెక్కపెట్టే రెక్, అక్ అనే రెండు తీగల మీద. ఒక్కో అంచుకి ఒక్కో బైటు లెక్క. తిరుగు అల వల్ల ఒక అంచు రెండుగా కనిపిస్తే ఒకే బైటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. పారిటీ (బైటులో బిట్లు సరిచూసే గుర్తు) ఇక్కడ కాపాడదు, బైటులో బిట్లన్నీ సరిగ్గానే ఉంటాయి కదా.

ఇవాళే చేయగలిగింది ఒకటి చెబుతాను. బాక్సు కేబుల్‌ని కార్డు నుంచి పూర్తిగా పీకేయండి, కేబుల్ కొస కూడా కార్డుకి ఉండకూడదు. లోపలి డిస్కుని రిబ్బన్ చివరి కనెక్టర్‌కి మార్చండి, జంపర్ అలాగే ఉంచండి. కార్డు టెర్మినేషన్ కూడా అలాగే ఉంచండి. ఇప్పుడు గీతకి కొసలు కార్డు, డిస్కు. రెండు చోట్లా టెర్మినేటర్ ఉంది. కార్డు సెటప్‌లో ఆ డిస్కు వేగం సెకనుకి 5 ఎంబీకి తగ్గించండి. లినక్స్ సీడీతో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా, అంటే ఒకే పెద్ద ఫైలుగా తీసుకోండి. ఫైళ్లు ఆ తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు.

అరవైఓమ్స్
ఆదివారం, మధ్యాహ్నం 1:25

నేను దమ్మామ్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. కార్లలో క్యాన్ బస్ (బండిలో యూనిట్లన్నీ మాట్లాడుకునే తీగల జత) కూడా ఇంతే. రెండు కొసల్లో 120 ఓమ్స్. బండిని చెక్ చేసే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య బండి ఆఫ్‌లో కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక కొస తెగినట్టే. డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగిందని యూనిట్ మార్చేసిన బండ్లు నా దగ్గరకి వచ్చాయి, చూస్తే తీగల కట్టలో (హార్నెస్) తీగ తెగి ఉంటుంది. డిస్కు మార్చే ముందు కొస చూడాలన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం.

పెన్‌డ్రైవ్
ఆదివారం, మధ్యాహ్నం 3:00

సరే, ఒప్పుకుంటున్నాను. నేను చెప్పినట్టు డిస్కు పోయిందని పంపేసి ఉంటే ఆ అబ్బాయికి అనవసరంగా ఖర్చయ్యేది. ఒకటి అడుగుతాను. మరి ఎక్కడైనా తేడా రాకూడదని మూడు నాలుగు టెర్మినేటర్లు పెట్టేస్తే?

చిప్‌లేఅవుట్
ఆదివారం, సాయంత్రం 4:40

అది ఇంకో రకం తప్పు అవుతుంది. పాత ప్యాసివ్ (రెసిస్టర్లు మాత్రమే ఉండే) స్కజీ టెర్మినేటర్‌లో ఒక్కో సిగ్నల్ తీగకి 220 ఓమ్స్ 5 వోల్టుల వైపు, 330 గ్రౌండ్ వైపు ఉంటాయి. మొత్తం 18 తీగలు. తీగని కిందికి లాగాలంటే డ్రైవర్ చిప్ (సిగ్నల్ పంపేది) ఈ కరెంటంతా మింగాలి. ఒక్కో టెర్మినేటర్‌కి సుమారు 19 మిల్లీఆంప్స్. రెండైతే 38. స్కజీ నియమం ప్రకారం డ్రైవర్ 48 దాకా మోయగలగాలి. మూడోది పెడితే 57. సిగ్నల్ సరిగ్గా కిందికి దిగదు, చిప్ వేడెక్కుతుంది.

ఆ 220, 330 జతని ప్యారలల్‌గా చూస్తే 132 ఓమ్స్. రిబ్బన్ కేబుల్ 100 దగ్గర ఉంటుంది. పై లెక్క వేస్తే అలలో 14 శాతం వెనక్కి తిరుగుతుంది. యాక్టివ్ టెర్మినేటర్‌లో చిన్న రెగ్యులేటర్ 2.85 వోల్టులు తయారు చేసి 110 ఓమ్స్ మీదుగా ఇస్తుంది. తిరిగేది 5 శాతంలోపే. దొరికితే యాక్టివ్‌దే తీసుకోండి.

ఇది పాత సామాను కథ అనుకోకండి. డెస్క్‌టాప్‌లో నాలుగు ర్యామ్ స్లాట్లుండి స్టిక్కులు రెండే ఉంటే, చాలా బోర్డుల మాన్యువల్ ఏ2, బీ2లో పెట్టమంటుంది. ఆ బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి వచ్చే గీత ఏ1 మీదుగా ఏ2 దాకా పోతుంది. స్టిక్కు ఏ1లో పెడితే ఏ2 దాకా ఉన్న రాగి గీత బోడికొసగా మిగిలిపోతుంది. అబ్బాయి రిబ్బన్ వేలాడినట్టే. డీడీఆర్2 ర్యామ్ నుంచి టెర్మినేషన్ రెసిస్టర్లు డేటా తీగల కోసం మెమరీ చిప్పులోకే వచ్చేశాయి, అందుకే మనకి కనబడవు. పాత ఐడీఈ హార్డ్ డిస్కుల 80 తీగల కేబుల్‌లో డిస్కు ఒక్కటే ఉంటే నల్ల కొస కనెక్టర్‌కే పెట్టమన్నది కూడా ఇందుకే.

నాకు బాగా ఇష్టమైనది యూఎస్‌బీ 2.0. హై స్పీడ్‌లో ఒక్కో తీగకి రెండు వైపులా 45 ఓమ్స్ ఉంటాయి, సిగ్నల్ సుమారు 400 మిల్లీవోల్టులు. పెన్ డ్రైవ్ పీకేస్తే ఆ వైపు టెర్మినేషన్ పోతుంది, వోల్టేజ్ రెట్టింపవుతుంది. పీకేశారని కంప్యూటర్ తెలుసుకునేది ఆ రెట్టింపు చూసే.

ప్రెస్‌వాళ్లబ్బాయి
ఆదివారం, రాత్రి 11:48

రాగితీగ గారూ, లోపలి డిస్కు మొత్తం వచ్చేసింది! ఒక్క ఎర్రర్ లేదు. కనెక్టర్ మార్చడానికి డిస్కుని బేలోంచి తీసి అట్టపెట్టె మీద పెట్టాల్సి వచ్చింది, అంతే. చేతులు వణికాయి. ఫాంట్ల ఫోల్డర్ కూడా ఉంది. బాక్సు కోసం యాక్టివ్ టెర్మినేటర్ ఆర్డర్ పెట్టాను.

ప్రెస్‌వాళ్లబ్బాయి
శుక్రవారం, సాయంత్రం 7:05

టెర్మినేటర్ వచ్చింది. బాక్సు ఖాళీ పోర్టుకి పెట్టాను. బాక్సు కార్డుకి కలిపాను, కార్డు ఇప్పుడు మధ్యలో కాబట్టి దాని టెర్మినేషన్ ఆఫ్ చేశాను. కానీ ఇప్పుడు రెండు డిస్కులూ కనబడటం లేదు. ముందు కన్నా ఘోరంగా ఉంది. టెర్మినేటర్ మీద లైటు ఉంది గానీ వెలగడం లేదు.

రాగితీగ
శుక్రవారం, రాత్రి 8:20

కంగారు పడకండి, ఆ లైటే విషయం చెబుతోంది. ప్లగ్గుకి సొంత కరెంటు ఉండదు, కేబుల్‌లో టెర్మ్‌పవర్ అనే తీగ నుంచి తీసుకుంటుంది. స్కజీలో టెర్మినేటర్‌కి అల మింగడంతో పాటు ఇంకో పని కూడా ఉంది. డ్రైవర్లు తీగని కిందికి లాగడమే చేస్తాయి, వదిలేసినప్పుడు పైకి లేపేది టెర్మినేటరే. దానికి కరెంటు లేకపోతే లేపేది పోయి, తీగల్ని కిందికి గుంజుతూ కూర్చుంటుంది.

మీ కార్డు మీద టెర్మ్‌పవర్ ఫ్యూజు ఎప్పుడో పోయి ఉంటుంది. ఆదివారం తెలియలేదు, ఎందుకంటే కార్డూ లోపలి డిస్కూ తమ టెర్మినేటర్లకి తామే కరెంటు ఇచ్చుకున్నాయి. ప్లగ్గు తీసి, అన్నీ ఆన్ చేసి, బాక్సు ఖాళీ పోర్టులో 38వ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య కొలవండి. పక్క పిన్నులు తగలకుండా జాగ్రత్త.

ప్రెస్‌వాళ్లబ్బాయి
శుక్రవారం, రాత్రి 9:10

0.3 వోల్టులు.

రాగితీగ
శుక్రవారం, రాత్రి 9:18

అదే. కరెంటు తీసేసి బాక్సు తెరవండి. అందులోని డిస్కు మీద టీపీ (టెర్మ్‌పవర్) అని జంపర్ ఉంటుంది. దాన్ని పెట్టగలిగే స్థానాల్లో ఒకటి "బస్‌కి (అంటే స్కజీ కేబుల్‌కి) టెర్మ్‌పవర్ ఇవ్వు" అని. డిస్కు లేబుల్ మీద బొమ్మ చూసి ఆ స్థానంలో పెట్టండి. ఆ డిస్కు టీఈ జంపర్ మాత్రం తీసి ఉండాలి, కొసలో ప్లగ్గు ఉంది కాబట్టి. మళ్లీ కొలిచాకే ప్లగ్గు పెట్టండి.

ప్రెస్‌వాళ్లబ్బాయి
శనివారం, రాత్రి 12:35

4.7 వోల్టులు వచ్చింది. ప్లగ్గు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. రెండు డిస్కులూ వచ్చాయి. కాపీ నడుస్తోంది, 61 శాతం అయింది, ఎర్రర్లు సున్నా.

ఇప్పుడే ఒక ఫైలు తెరిచాను. మా అక్క పెళ్లి శుభలేఖ. నాన్నగారు దానికి పదకొండు నమూనాలు చేశారు, మాకు చూపించింది రెండే.

కోయాక్స్‌కాలం
శనివారం, ఉదయం 6:30

పొద్దున్నే మంచి కబురు చెప్పారు నాయనా. ఆ పదకొండూ ప్రింటు తీసి అక్కకి ఇవ్వండి.

ప్రెస్‌వాళ్లబ్బాయి
శనివారం, ఉదయం 9:45

తప్పకుండా అండీ. కాపీ కూడా పూర్తయింది. అందరికీ చాలా థ్యాంక్స్. రాగితీగ గారూ, అన్నీ మళ్లీ సర్దేసేటప్పుడు ఆ ప్లగ్గు తీసి విడిగా దాచాలా?

రాగితీగ
శనివారం, ఉదయం 10:02

తీయకండి. బాక్సుకే ఉంచి, మీద ఒక చీటీ అంటించండి. టీపీ జంపర్ ఎక్కడ పెట్టారో కూడా ఆ చీటీ మీదే రాయండి.